అబాకస్ నేర్పిస్తే లెక్కలొస్తాయా, వీణ నేర్పిస్తే మార్కులొస్తాయా?

అబాకస్ డెమో క్లాసు అంటే ముందు వరసలో ఒక పిల్లాడు ఉండాల్సిందే. తొమ్మిదేళ్లుంటాయేమో. మేడమ్ గడగడా అంకెలు చదువుతుంది: ముప్పై ఏడు, నలభై ఎనిమిది, తీసేయ్ పంతొమ్మిది, యాభై ఆరు. పిల్లాడు చూపు పైకప్పు మీద పెట్టి, బొటనవేలూ చూపుడువేలూ గాల్లో ఆడిస్తాడు, కనిపించని పూసలేవో జరుపుతున్నట్టు. ఆఖరి అంకె మేడమ్ నోట్లోంచి వచ్చీ రాకముందే ‘నూట ఇరవై రెండు’ అనేస్తాడు. వెనక కుర్చీల్లో అమ్మానాన్నలు ఫోన్లు తీసి లెక్కేసుకుంటారు. సరిపోతుంది. సగం మంది అక్కడికక్కడే ఫారం నింపేస్తారు. మూడేళ్ల కిందట మా తమ్ముడు అలా నింపినవాడే. పక్కనే కూర్చుని నేనూ ఆపలేదు. నిజం చెప్పాలంటే నాకూ ముచ్చటేసింది.

ఆ పిల్లాడు మోసం చెయ్యలేదు. అంకెలు ముందే బట్టీ పట్టలేదు. ఆ నైపుణ్యం అసలైనదే. తిరకాసంతా ఫారం వెనక ఉంది. అక్కడ కూడిక, తీసివేత అన్న మాటలు ఎక్కడో అడుగున ఉన్నాయి. పైన పెద్దక్షరాల్లో ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, ఆత్మవిశ్వాసం, అన్ని సబ్జెక్టుల్లో మెరుగుదల. పక్కన రంగులేసిన మెదడు బొమ్మ. చూపించింది ఒక సరుకు, అమ్ముతున్నది ఇంకోటి.

ట్యూషన్ అనగానే మనకు తట్టేది బడి పాఠాన్ని సాయంత్రం మళ్లీ చెప్పించుకోవడం. దాన్ని పరిశోధకులు ‘నీడ చదువు’ అంటారు, బడి ఎటు కదిలితే అటు కదులుతుంది కాబట్టి. 2025లో కేంద్ర గణాంక శాఖ విడుదల చేసిన సర్వే ప్రకారం దేశంలో 27 శాతం మంది విద్యార్థులు ఆ ఏడాది ప్రైవేటు కోచింగుకు వెళ్తున్నారు లేదా వెళ్లారు. ఆ ట్యూషన్ మీద ఎన్ని ఫిర్యాదులున్నా దానికో తీర్పరి ఉంది: పరీక్ష. మాస్టారు బాగా చెప్పకపోతే మార్చిలో తెలిసిపోతుంది. సిలబస్‌లో లేని వాటికి ఆ తీర్పరి లేదు. అబాకస్, వేదగణితం, చదరంగం, కోడింగ్, కీబోర్డు, దస్తూరీ క్లాసు... వీటికి బడిలో మార్కుల్లేవు. మార్కుల్లేని దానికి నెలకింత అని ఇవ్వమంటే మధ్యతరగతి ఇంట్లో ప్రశ్న వస్తుంది: ‘దీనివల్ల ఉపయోగమేంటి?’ ఆ ప్రశ్నకు జవాబుగా పుట్టిందే రంగులేసిన మెదడు బొమ్మ. కోటి విద్యలూ కూటి కొరకే అన్నారు పాతకాలం వాళ్లు. ఇప్పుడు ఆ కూటికి ముందు ర్యాంకొకటి వచ్చి కూర్చుంది. అందుకే ఏ విద్య అమ్మాలన్నా దానికి ర్యాంకు వాసన పూయాలి.

ఇంతకీ ఆ పిల్లాడి తలలో ఏం జరుగుతోంది? మన ఊళ్లలో నేర్పే అబాకస్ ఎక్కువగా జపాను వాళ్ల సొరొబాన్. ఒక చట్రం, దానికి నిలువు కమ్మీలు, మధ్యలో అడ్డపట్టీ. ఒక్కో కమ్మీకి పట్టీ పైన ఒక పూస, దాని విలువ 5. కింద నాలుగు పూసలు, ఒక్కోటి 1. ఎనిమిది చూపించాలంటే పై పూస దించి, కింద మూడు ఎక్కించాలి. దానికి ఏడు కలపాలంటే ఆ కమ్మీలో చోటు లేదు. ఏడుకు పది కావడానికి కావలసింది మూడు. కాబట్టి మూడు పూసలు తీసేసి, పక్కనున్న పదుల కమ్మీలో ఒకటి ఎక్కించాలి. పదిహేను. ఈ జతల్నే క్లాసులో ‘స్మాల్ ఫ్రెండ్స్’, ‘బిగ్ ఫ్రెండ్స్’ అని పిల్లల చేత వల్లె వేయిస్తారు. అయిదు చేసే జతలు చిన్న స్నేహితులు, పది చేసేవి పెద్ద స్నేహితులు. చేతికి ఆ కదలికలు పట్టుబడ్డాక చట్రం తీసేస్తారు. పిల్లాడు దాన్ని ఊహించుకుని, ఊహలోని పూసల్ని జరుపుతాడు. గాల్లో ఆడే వేళ్లు అవే.

అయితే ఊహలో ఒకేసారి నిలిచే కమ్మీలు మూడో నాలుగో. అంతకుమించి కళ్ల ముందు బొమ్మ చెదిరిపోతుంది. ఈ పరిమితిని పరిశోధకులు కొలిచి చూశారు. డెమోలో సంఖ్యల వరస ఎంత పొడుగున్నా ఒక్కో సంఖ్య రెండు, మూడు స్థానాలు దాటదు. ఈసారి వెళ్తే గమనించండి.

అసలు ప్రశ్నకు మన దేశంలోనే ఒక మంచి జవాబు దొరికింది. గుజరాత్‌లోని వడోదరలో ఒక బడిలో 204 మంది పిల్లల మీద మూడేళ్లపాటు ప్రయోగం చేశారు. ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. లాటరీ వేసినట్టు పిల్లల్ని రెండుగా విడగొట్టి, సగం మందికి అబాకస్, మిగతా సగానికి అదే సమయం మామూలు లెక్కల అదనపు క్లాసు పెట్టారు. ఈ రెండో భాగమే కీలకం. ఎందుకంటే వారానికి కొన్ని గంటలు ఎక్కువ కూర్చోబెట్టి ఏం చెప్పినా ఎంతో కొంత వస్తుంది. ఆ గంటల్ని రెండు వైపులా సమానం చేస్తే గానీ అబాకస్ గొప్పా, అదనపు గంటల గొప్పా అన్నది తేలదు. మూడేళ్ల తర్వాత చూస్తే అబాకస్ పిల్లలు కూడికలు, తీసివేతల్లాంటి గణనలో మిగతావాళ్లకంటే స్పష్టంగా ముందున్నారు. జ్ఞాపకశక్తి, తర్కం లాంటి సాధారణ మేధాశక్తుల్లో మాత్రం తేడా కనిపించలేదు. ఇంకొక సంగతి కూడా బయటపడింది. మొదటి నుంచీ బొమ్మల్ని మనసులో నిలుపుకునే శక్తి ఎక్కువున్న పిల్లలకే అబాకస్ ఎక్కువ ఉపయోగపడింది. అంటే అది మెదడును పెంచలేదు, అప్పటికే ఉన్న ఒక శక్తికి మంచి పనిముట్టు ఇచ్చింది.

కూడిక నేర్పితే కూడిక వచ్చింది. ఫారం మీద అడుగున చిన్నక్షరాల్లో ఉన్నది నిజం, పైన పెద్దక్షరాల్లో ఉన్నది కాదు.

ఇందులో వింతేమీ లేదని మనస్తత్వ శాస్త్రం నూరేళ్లకు పైగా చెబుతోంది. 1901లో థార్న్‌డైక్, వుడ్‌వర్త్ అనే ఇద్దరు అమెరికన్లు మనుషులకు దీర్ఘచతురస్రాల వైశాల్యం కంటిచూపుతో అంచనా వెయ్యడం నేర్పారు. బాగా సాధన చేయించాక వేరే ఆకారాలు, వేరే కొలతలు ఇచ్చి చూశారు. నేర్చిన నైపుణ్యంలో కొంచెమే అటు వచ్చింది. కొత్త పని పాత పనిని ఎంత పోలి ఉంటే అంత వచ్చింది, పోలిక తగ్గేకొద్దీ తగ్గిపోయింది. సైకిలు వచ్చినవాడికి స్కూటరు తేలిగ్గా వస్తుంది. ఈత రాదు. మెదడు కండరం లాంటిది, దేనితో కసరత్తు చేయించినా మొత్తం బలపడుతుంది అన్న నమ్మకం మాత్రం అప్పటి నుంచి ఇప్పటిదాకా చావలేదు. వినడానికి అంత బాగుంటుంది మరి.

చదరంగం సంగతి చూడండి. గుడివాడ నుంచి కోనేరు హంపి, గుంటూరు నుంచి హరికృష్ణ, ద్రోణవల్లి హారిక, వరంగల్ నుంచి అర్జున్ ఎరిగైసి. ఇంతమంది గ్రాండ్‌మాస్టర్లను ఇచ్చిన నేల మనది. హంపికి ఆట నేర్పింది నాన్నే, 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆ ఇళ్లలో చదరంగాన్ని చదరంగంగానే ఆడించారు. మన వీధి చివరి చెస్ అకాడమీ బోర్డు మీద మాత్రం ‘లెక్కల్లో చురుకుదనం’ అని ఉంటుంది. ఇంగ్లండులో దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించారు. దాదాపు వంద ప్రాథమిక బడులు, నాలుగు వేల మంది పిల్లలు. సగం బడుల్లో ఏడాదిలో 30 గంటల చదరంగం పాఠాలు. ఆపైన ఏడాదికి లెక్కల పరీక్ష పెడితే రెండు వైపులా ఒకటే ఫలితం. 2016లో వచ్చిన నివేదిక అది. మరి చదరంగం ఆడే పిల్లలు క్లాసులోనూ ఫస్టు వస్తుంటారు కదా అంటే, లెక్కలంటే ఇష్టమున్న పిల్లలే చదరంగం వైపు వెళ్తుంటారు. వాళ్లను ఆదివారం టోర్నమెంటుకు తీసుకెళ్లే అమ్మానాన్నలు సోమవారం హోంవర్కు కూడా చూస్తారు. చెట్టు కింద కాయలుంటే గాలే కాయించింది అనుకోకూడదు.

సంగీతం కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2004లో టొరంటోలో 144 మంది ఆరేళ్ల పిల్లల్ని నాలుగు గుంపులు చేశారు. ఒకరికి కీబోర్డు, ఒకరికి గాత్రం, ఒకరికి నాటకం, ఒకరికి ఏమీ లేదు. ఏడాది తర్వాత సంగీతం పిల్లల ఐక్యూ సగటున 7 పాయింట్లు పెరిగింది, మిగతావాళ్లది 4.3. బడికి వెళ్తే అందరికీ పెరుగుతుంది కాబట్టి అసలు తేడా మూడు పాయింట్లకు లోపే. ఈ ఒక్క ప్రయోగం ప్రపంచమంతా సంగీతం క్లాసుల కరపత్రాల మీదికి ఎక్కింది. 2020లో ఇద్దరు పరిశోధకులు ఇలాంటి అధ్యయనాలు 54 కూడగట్టి తిరగేస్తే, పోలిక జాగ్రత్తగా చేసిన వాటిలో ఆ లాభం దాదాపు సున్నాకు వచ్చింది. నాకు నచ్చింది ఎవరూ పట్టించుకోని ఇంకో ఫలితం. టొరంటోలో నాటకం నేర్చిన పిల్లలకు నలుగురితో మెలిగే తీరు మెరుగుపడింది. సంగీతం వాళ్లలో అది కనిపించలేదు. 1885 నుంచి నాటకమే బతుకుగా ఉన్న సురభి కుటుంబాలు మన దగ్గరే ఉన్నాయి. అయినా మా కాలనీలో మూడు అబాకస్ సెంటర్లున్నాయి, పిల్లల నాటకం క్లాసు ఒక్కటీ లేదు.

వేదగణితానికి ఇంకో చిక్కుముడి ఉంది, పేరుతోనే. 35ని 35తో హెచ్చించమంటే, మూడుని దాని తర్వాతి నాలుగుతో హెచ్చించి పన్నెండు, పక్కన 25 పెట్టి 1225 అంటారు. 85 వర్గమైతే ఎనిమిది తొమ్ముదుల డెబ్బై రెండు, పక్కన 25, అంటే 7225. పిల్లలు నోరు తెరుస్తారు. తెరవాలి కూడా, అందమైన చిట్కా. ఎందుకు పనిచేస్తుందో ఎనిమిదో తరగతి బీజగణితంతో రెండు వరసల్లో రాయొచ్చు. పదుల స్థానంలో ‘క’ ఉండి చివర 5 ఉన్న సంఖ్యను వర్గం చేస్తే, క వర్గానికి నూరు రెట్లు, క కి నూరు రెట్లు, ఇరవై అయిదు వస్తాయి. మొదటి రెండూ కలిపితే, ‘క’ను దాని తర్వాతి సంఖ్యతో హెచ్చించినదానికి నూరు రెట్లు. అంతే. ఆ రెండు వరసలు చెబితే పాఠం. చెప్పకపోతే గారడీ. నేను చూసిన రెండు క్లాసుల్లోనూ చెప్పలేదు.

పేరు సంగతికొస్తే, ఈ పదహారు సూత్రాలను అందించింది పూరీ గోవర్ధన మఠానికి శంకరాచార్యులుగా ఉన్న భారతీకృష్ణ తీర్థులు. ఆయన 1960లో పోయారు, పుస్తకం 1965లో అచ్చయింది. అథర్వవేద పరిశిష్టం నుంచి వచ్చినవని ఆయన చెప్పారు. కానీ తెలిసిన పరిశిష్టాల్లో ఇవి కనబడవని ఆ పుస్తకానికి సంపాదకుడే ముందుమాటలో రాశారు. గణితవేత్తలు కొందరు ఈ పేరు మీదే గట్టిగా అభ్యంతరం చెప్పారు. చిట్కాలు పనికిరావని కాదు. భాస్కరాచార్యుల దగ్గరా, బ్రహ్మగుప్తుడి దగ్గరా ఉన్న అసలైన ప్రాచీన గణితాన్ని పక్కన పెట్టి, వేగంగా గుణించే కిటుకుల్ని దానిగా చూపించడమే వాళ్ల బాధ.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ నేర్పేది కొంత, చెప్పేది ఎక్కువ అన్న బాపతు. నేర్పేదే లేని రకం ఒకటుంది: మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్. పదేళ్ల కిందట మన పట్నాల్లో దీనిదే హవా. కళ్లకు గంతలు కట్టుకున్న పిల్లాడు రంగులు చెబుతాడు, పేపరు చదువుతాడు. రెండు రోజుల వర్క్‌షాపు, వేలల్లో ఫీజు. మధ్య మెదడు అన్న భాగం అందరికీ ఉంది. కనుగుడ్ల కదలికలకూ, శబ్దం వైపు తల తిప్పడానికీ అది పనిచేస్తుంది, పుట్టిన దగ్గర్నుంచీ పనిచేస్తూనే ఉంది. పిల్లాడు చూస్తున్నది ముక్కు పక్కన గంత అంటుకోని సందులోంచి. మంగళూరు హేతువాది నరేంద్ర నాయక్ లాంటివాళ్లు దీన్ని ఎన్నోసార్లు బహిరంగంగా బయటపెట్టారు. కాగితాన్ని ముఖానికి సూటిగా ఎదురుగానో, తల వెనకో పెట్టండి, విద్య మాయమవుతుంది. నాకు కోపం తెప్పించేది ఫీజు కాదు. సందులోంచి చూసి ‘చూడలేదు’ అని చెప్పడం పిల్లాడికి అక్కడ నేర్పుతున్నారు, అదీ అమ్మానాన్నల చప్పట్ల మధ్య.

కోడింగ్ హడావిడి అందరికీ గుర్తుండే ఉంటుంది. 2020లో కొత్త జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచి కోడింగ్ అంది. బడులు మూతపడి పిల్లలు తెరల ముందే ఉన్నారు. ఆ ఆగస్టులో రెండేళ్ల వయసున్న వైట్‌హ్యాట్ జూనియర్ అనే కంపెనీని బైజూస్ 30 కోట్ల డాలర్లకు కొనేసింది. ప్రకటనల్లో ‘వుల్ఫ్ గుప్తా’ అనే ఒక కల్పిత పిల్లాడికి కోట్ల జీతం వచ్చేసేది, ప్రకటనకో అంకె చొప్పున. ప్రకటనల ప్రమాణాల మండలి అభ్యంతరాలతో కొన్నిటిని వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. ఆ పిల్లలు నేర్చిందాంట్లో చాలా భాగం, రంగు దిమ్మెల్ని లాగి పేర్చి బొమ్మను కదిలించడం. దానికి ఎమ్‌ఐటీ వాళ్ల స్క్రాచ్ 2007 నుంచి ఉచితంగా ఉంది. మంచి పనిముట్టు అది. ఒక ఆదివారం మీరే పక్కన కూర్చోండి చాలు.

అయితే సిలబస్ బయటి చదువంతా ఇంతేనా అంటే, మన ఇళ్ల వరండాల్లో నూరేళ్లుగా నడుస్తున్న ఒక వ్యాపారం గుర్తు చెయ్యాలి: హిందీ ట్యూషన్. 1918లో గాంధీజీ మద్రాసులో మొదలుపెట్టించిన పని అది. మొదటి ప్రచారక్ ఆయన కొడుకు దేవదాస్. తర్వాత అదే దక్షిణ భారత హిందీ ప్రచార సభ అయింది. 1964లో పార్లమెంటు దానికి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ హోదా ఇచ్చింది. తెలుగు మీడియం రోజుల్లో పదో తరగతి హిందీకి 20 మార్కులొస్తే పాస్, కాబట్టి బడిలో ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. నిజంగా హిందీ వచ్చినవాళ్లకు వచ్చింది వీధిలో ఉండే టీచరమ్మ దగ్గరే. ప్రాథమిక్, మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక, విశారద, ప్రవీణ. చాప మీద పదిమంది పిల్లలు, లోపల కుక్కరు విజిల్, బయట ‘మై జాతా హూఁ’. మా అమ్మ పెళ్లికి ముందు ప్రవీణ పాసైంది. ఆ సర్టిఫికెట్టు ఇప్పటికీ బీరువాలో ఉంది, మడతల దగ్గర చిరుగుతోంది.

టీచరమ్మ ఎప్పుడూ మెదడు గురించి మాట్లాడలేదు. టైపు ఇన్‌స్టిట్యూట్ వాళ్లూ మాట్లాడలేదు. లోయర్, హయ్యర్ అన్నారు, నిమిషానికి ఇన్ని మాటలు అన్నారు. ఎందుకు మాట్లాడాల్సిన పని లేకపోయిందో చూస్తే మొత్తం గుట్టు అక్కడే ఉంది. హిందీలో చెప్పేది టీచరమ్మ, పరీక్ష పెట్టేది సభ. టైపులో నేర్పేది ఇన్‌స్టిట్యూట్, పరీక్ష పెట్టేది రాష్ట్ర సాంకేతిక విద్యామండలి. నేర్పే చెయ్యీ, దిద్దే చెయ్యీ వేరు. టీచరమ్మకు పిల్లాడు ఫెయిలవడం నష్టం, కాబట్టి గట్టిగా చెబుతుంది. సభకు టీచరమ్మ ఎవరో తెలియదు, కాబట్టి మొహమాటం లేదు. అబాకస్ లెవెల్ పరీక్ష పెట్టేది ఆ కంపెనీయే. పాస్ చేసేదీ వాళ్లే, జాతీయ స్థాయి పోటీ జరిపేదీ వాళ్లే. అక్కడ పాల్గొన్న పిల్లలందరికీ కప్పులిచ్చి ఫొటో తీసేదీ వాళ్లే. పిల్లాణ్ని ఫెయిల్ చేస్తే పై లెవెల్ ఫీజు రాదు. మా తమ్ముడి కొడుక్కి మొత్తం మూడు కప్పులున్నాయి. మూడింటి మీదా ‘విన్నర్’ అని ఉంది.

ఆ లెవెళ్లు ఎనిమిదో పదో ఉండడానికీ కారణం వ్యాపారంలోనే ఉంది. సెంటరు నడిపే మేడమ్ ఆ పేరు వాడుకున్నందుకు పై కంపెనీకి ఫ్రాంచైజీ సొమ్ము కట్టుకోవాలి, పుస్తకాలూ కిట్లూ వాళ్ల దగ్గరే కొనాలి. ఆ డబ్బు రావాలంటే లెవెల్ మారుతూనే ఉండాలి. మేడమ్‌ను తప్పుపట్టి లాభం లేదు. మా దగ్గరున్నావిడ ఎంఎస్సీ చదివి, పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసి, ఇంట్లో ముందుగది ఖాళీ చేసి ఇది పెట్టుకుంది. లాభమంతా తన దగ్గర ఆగితే కారు మార్చేదాన్నే అని నవ్వింది ఒకసారి.

ఈ క్లాసులను ప్రభుత్వం చూసుకోదా? చూసుకోదనే చెప్పాలి. 2024 జనవరిలో కేంద్రం కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. పదహారేళ్లలోపు పిల్లల్ని చేర్చుకోవద్దని, ర్యాంకులకు హామీలివ్వొద్దని, మధ్యలో మానేస్తే మిగిలిన ఫీజు లెక్కగట్టి తిరిగివ్వాలని. కానీ అందులో కోచింగ్ అంటే యాభై మందికి పైగా విద్యార్థులకు చెప్పేది. ఆటలు, నృత్యం, నాటకం లాంటి సృజనాత్మక విద్యలు ఆ నిర్వచనంలోంచి బయటే. ముందుగదిలో ఇరవై మందికి చెప్పే క్లాసు ఆ లెక్కలోకి రాదు. విద్యాహక్కు చట్టం బడి టీచర్లను ప్రైవేటు ట్యూషన్లు చెప్పొద్దంటుంది. బడితో సంబంధం లేని వాళ్ల గురించి దానికి పట్టింపు లేదు. కళల్లో తన పేరు మీద పాఠం చెప్పుకునే వ్యక్తికి జీఎస్టీ మినహాయింపు ఉంది, కంపెనీ కోర్సుకు 18 శాతం పడుతుంది. రసీదు మీద ఆ గీత ఉందో లేదో చూస్తే మీరు గురువు దగ్గరకొచ్చారో కంపెనీ దగ్గరకొచ్చారో కొంత తెలుస్తుంది.

ఇక సంగీతం. ఇక్కడ మోసం తక్కువ, అపార్థం ఎక్కువ. మాయామాళవగౌళలో సరళీ స్వరాలతో మొదలవుతుంది. ఈ వరస పెట్టింది పురందరదాసు అంటారు. ఒకటే వరస మూడు కాలాల్లో, ఆ తర్వాత జంటలు, ఏడు తాళాల్లో అలంకారాలు, మలహరిలో గీతాలు, స్వరజతి, వర్ణం. కీర్తన అన్నది వచ్చేసరికి రెండేళ్లు, ఒక్కోసారి ఎక్కువ. ఆరో నెలలో తల్లి అడుగుతుంది, ‘మాస్టారూ, పాట ఎప్పుడు మొదలెడతారు?’ దసరాకు అపార్ట్‌మెంటులో పాడించాలి కదా. మాస్టారు నీళ్లు నమిలి, అలంకారాలు పక్కన పెట్టి ఒక చిన్న పాట నేర్పేస్తారు. అమ్మ వీడియో తీసుకుంటుంది. పిల్లకు ఆ పాట వస్తుంది, మరుసటి పాట మళ్లీ మొదటి నుంచీ పట్టుకోవాలి. సరళీ స్వరాలు చేసే పని అదే. గొంతుకు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి దారులన్నీ అలవాటు చేస్తాయి, ఆ తర్వాత పాటలు వాటంతటవే తేలికపడతాయి. చాలా దగ్గరి పోలిక ఉన్న పనికి సాధన సాయపడుతుందన్న ఆ 1901 నాటి మాటే ఇక్కడ మనకు అనుకూలంగా పనిచేస్తుంది.

ఈ విద్యకూ బయటి తీర్పరులున్నారు. ప్రభుత్వం పెట్టే సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షలున్నాయి. వాటికంటే కఠినమైనది త్యాగరాజ ఆరాధన రోజు నలుగురి మధ్య కూర్చుని పంచరత్నాలు పాడడం. తాళం తప్పితే పక్కనున్న పెద్దావిడ చెయ్యి మన తొడ మీద పడుతుంది.

ఇప్పుడు విజయవాడ, రాజమండ్రి మాస్టార్లకు తెల్లవారుజామునే క్లాసు మొదలవుతుంది. ఇక్కడ ఉదయం ఆరైతే న్యూజెర్సీలో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. నవంబరులో అక్కడ గడియారం మారగానే అదే క్లాసు ఇక్కడ ఏడుకు జరుగుతుంది. ఆ తర్వాతి పిల్ల క్లాసు ఎనిమిదికి, మాస్టారి టిఫిను తొమ్మిదికి. ఆన్‌లైన్‌లో అసలు ఇబ్బంది సమయం కాదు, ఆలస్యం. ఇటు మాట అటు చేరడానికి పట్టే ఆ రెప్పపాటు మామూలు కబుర్లలో తెలియదు, తాళంలో తెలుస్తుంది. గురువూ శిష్యురాలూ కలిసి పాడలేరు. వెనక గురువు గొంతు ఆసరాగా పాడడం అన్నది, ఎదురుగా కూర్చుంటే సగం పాఠం అదే, ఇక్కడ పోతుంది. అందుకని ఒక వరస ఆయన, ఒక వరస ఈ పిల్ల. దీనికి తోడు వీడియో యాప్ శ్రుతిపెట్టెను ఫ్యాను చప్పుడనుకుని నొక్కేస్తుంది, పొడుగ్గా నిలిపిన షడ్జాన్ని కూడా మధ్యలో మింగేస్తుంది. ‘ఒరిజినల్ సౌండ్’ అన్న మీట ఆన్ చేస్తే ఇది పోతుంది. నాకు తెలిసిన ఒక మాస్టారికి ఆ మీట సంగతి రెండేళ్ల దాకా ఎవరూ చెప్పలేదు, పిల్లకు శ్రుతి నిలవడం లేదనే అనుకున్నారు.

అక్కడి పిల్లలకు మన తెలుగే సిలబస్ బయటి సబ్జెక్టు. 2007లో కాలిఫోర్నియాలో మొదలైన మనబడిలో వారాంతాల్లో ఫీజు కట్టి అఆలు దిద్దిస్తారు, పరీక్షకు తెలుగు విశ్వవిద్యాలయం ముద్ర ఉంది. ఇక్కడ హైదరాబాదులో అమ్మమ్మకు ఉత్తరం చదవలేని పిల్లలు అంతకంటే తక్కువేమీ లేరు. 2018లో తెలంగాణ ప్రభుత్వం అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చాక కొన్ని అపార్ట్‌మెంట్లలో తెలుగు ట్యూషన్ బోర్డులు వెలిశాయి. ఆ బోర్డుల మీద మెదడు బొమ్మ లేదు, గుణింతాలు మాత్రమే ఉన్నాయి.

డెమోకు వెళ్లేవాళ్లు అక్కడ ఏం అడగాలని నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు. ముందు వరస పిల్లాణ్ని వదిలేసి, ఏడాదిగా వస్తున్న మామూలు పిల్లాడొకణ్ని చూపించమనండి. పాఠం జరుగుతుండగా అరగంట వెనక కూర్చోనిస్తారేమో అడగండి. హిందీ టీచరమ్మ ఎప్పుడూ తలుపు వెయ్యలేదు. ఏడాది ఫీజు ఒకేసారి కడితే డిస్కౌంటు అంటే, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి వస్తుందో రసీదు మీద రాయమనండి. ఆ రాయించే దగ్గరే చాలా మాటలు మారిపోతాయి. మా తమ్ముడు రాయించలేదు, నాలుగో లెవెల్లో పిల్లాడు ఇక వెళ్లనంటే మిగతా డబ్బు అక్కడే ఉండిపోయింది.

పిల్లాడికి ఇప్పుడు పదకొండేళ్లు. బడిలో ‘ఆరుగురు కూలీలు పది రోజుల్లో చేసే పని’ లెక్క దగ్గర ఇంకా తల గోక్కుంటాడు, ఎందుకంటే అక్కడ కూడికకు ముందు ఏది దేనితో హెచ్చించాలో తేలాలి. కానీ ఆదివారం తాతతో రైతుబజారుకు వెళ్తే, బెండకాయలు ముప్పై రెండు, టమాటాలు నలభై ఎనిమిది, పచ్చిమిర్చి పదిహేను, ఆకుకూర ఇరవై అంటూ అమ్మే ఆవిడ ఇంకా వేళ్లు మడుస్తుండగానే, వీడి వేళ్లు జేబులో ఒకసారి కదిలి ‘నూట పదిహేను’ అనేస్తాడు. మా నాన్న ఆవిడకు ఆ డబ్బిచ్చి, ఇంకోసారి లెక్క చూసుకోమంటారు. ఆవిడ ఇంతవరకూ చూసుకోలేదు.